తెల్లగా వదిలేసిన చోటు

ఫిబ్రవరి ఆఖరి రోజున ఢిల్లీ నుంచి దేశం వచ్చింది
నా చేతిలోకి, ఫోనంత దేశం,
రంగులేసుకుని.
మార్చి, ఏప్రిల్, మే,
ఇంకా కాయని ఎండా, ఇంకా పడని వానా
ముందే ఆరబెట్టిన పటం.

రాజస్థాన్ ఎర్రబడింది. విదర్భ ఇటుకబట్టీలా ఉంది.
ఈశాన్యాన కొండలకి కాస్త నీలం అంటింది,
బకెట్లో చీర రంగు పక్క చొక్కాకి అంటినట్టు.
మనది వెతికాను.
రెండు వేళ్లతో సాగదీశాను.
గౌతమికీ వసిష్ఠకీ నడుమ
తెలుపు.

కింద చీమలంత అక్షరాల్లో రాసుంది:
తెల్లగా ఉన్న చోట
ఎక్కువా కావచ్చు, తక్కువా కావచ్చు, మామూలూ కావచ్చు,
మూడింటికీ సమాన అవకాశం.

నేను ఆత్రేయపురం మండలాఫీసు పెరట్లో
రెయిన్‌గేజి చూసేవాణ్ణి. పదకొండేళ్లుగా టెంపరరీ.
పొద్దున్న ఎనిమిదిన్నరకి గరాటు తీసి
గాజు గొట్టం కంటికెదురుగా ఎత్తి
ఒక అంకె పైకి పంపుతాను.
ఈ నెలల్లో ఆ అంకె సున్నా.
నా సున్నాలన్నీ ఏ యంత్రమో నమిలి నమిలి
తిరిగి నా మొహాన ఈ తెలుపు ఉమ్మిందని
కొంచెం కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే.

"ఏ రంగొచ్చిందండీ మనకి?"
ర్యాలి కౌలురైతు ఏసుపాదం.
"తెలుపండి."
"అంటే?"
చెప్పాను, మూడు పాళ్లని.
పంపకానికి కూర్చున్న పెద్దమనిషిలా వేళ్లు మడిచాడు.
"అవకాశం మూడు పాళ్లయితే
మక్తా ఒక్క బస్తా అయినా తగ్గదేంటండీ?
దాళ్వా పాలుపోసుకుంటోంది. ఇంకో రెండు తడులు కావాలి.
వంతు నీళ్లు నా చేలోకొచ్చేది
మంగళారం రాత్రి రెండింటికి.
ఆ రెండు గంటలకి ఏ రంగో చూసి పెట్టండి, ఆయ్."

లొల్ల లాకుల దగ్గర లస్కరు తలుపులయ్య
గ్రీజు చేత్తో ఫోను ముట్టుకోనన్నాడు.
"పసిఫిక్ సముద్రం వేడెక్కిందంట, నిజమేనా?"
"అంటున్నారు."
"అంత దూరంది తెలిసినోళ్లకి
మన కాలవ కట్టేసే తారీకు తెలీదేంటో."
మర తిప్పాడు. తలుపు బెత్తెడు లేచింది.
నీళ్లు కిందనుంచి దూరి పోతున్నాయి,
పటంలో లేనివాళ్లలా.

నూకరత్నానికి ఎరుపు కావాలి. ముదురెరుపు.
తాటాకు చాప మీద రసం ఒక పొర, ఎండ ఒక పొర,
మళ్లీ రసం, మళ్లీ ఎండ,
ఆవిడ తాండ్రలో సగం బరువు సూర్యుడిదే.
కిందటేడు పటంలో మేం నారింజ.
మే తొమ్మిది మధ్యాన్నం గాలివాన వచ్చి
నలభై చాపలు బోదెలో తేలాయి,
ఊళ్లో పిల్లలు రెండ్రోజులు ఆ నీళ్లు తియ్యగా ఉన్నాయని చెప్పుకున్నారు.
అబద్ధమే. నేనూ తాగి చూశాను.

"ఏసుపాదానికి నీళ్లు, నాకు ఎండ.
ఒక్క చుక్కంత చోట్లో ఇద్దరికీ ఎలా వేస్తాడు పాపం,
అందుకే వదిలేసుంటాడు" అంది నూకరత్నం.
ఈ తెలుపు గురించి
ఇంతకన్నా బాగా నాకెవరూ చెప్పలేదు.

నా రిజిస్టర్లో మాత్రం గడి తెల్లగా వదలకూడదు.
అది రూలు. వాన లేకపోతే సున్నా వెయ్యాలి.
చినుకు పడి, కొలతకి అందకపోతే
జాడ అని రాయాలి.

మార్చి పద్నాలుగు. గరాటు అడుగున ఒక బొట్టు.
మంచో, కాకి తాగుతూ వదిలిందో,
రాత్రి నిద్రలో వినీ నేను లేవని చినుకో.
గొట్టంలోకి వంచితే గాజుకే అంటుకుపోయింది.
గోడవతల కిందటేటి చాపలు దులుపుతున్న చప్పుడు.
ఎనిమిదీ ఇరవై ఎనిమిది.
దేశం తెల్లగా వదిలేసిన చోట
నాకొక గడి ఉంది, రెండు నిమిషాలుంది.

పెన్ను పారలేదు.
అరచేతి మీద గీశాను, పారింది.